పికప్ బండికి అదనపు ఫిట్టింగులు: ఓనర్లు, డ్రైవర్లు తరచుగా అడిగే ప్రశ్నలు

బొలేరో పికప్, యోధా, ఇంట్రా, దోస్త్ లాంటి బండ్ల మీద బతికేవాళ్ల కోసం రాసింది ఇది. వి-క్రాస్, హైలక్స్ లాంటివి సొంతానికి వాడుకునేవాళ్ల సందేహాలకు కూడా కిందివైపు జవాబులున్నాయి. విజయవాడ ఆటోనగర్‌లో దొరకని ఫిట్టింగు లేదు, చేయలేమనే షెడ్డూ లేదు. కాబట్టి ఏం వేయించాలో తేల్చుకోవడం తేలికే. ఏం వద్దనుకోవాలో తేల్చుకోవడమే కష్టం.

కొత్త బండి తీసుకున్నాం. షోరూం నుంచి నేరుగా ఆటోనగర్‌కే తీసుకెళ్లి అన్నీ వేయించేయమంటున్నారు. నిజమేనా?

వద్దు. ముందు ఖాళీ బండిని వేబ్రిడ్జి మీదికి ఎక్కించి కాటా చీటీ తీసుకుని దాచుకోండి. తర్వాత కొన్ని వారాలు బండిని ఉన్నదున్నట్టు నడపండి. మీకు దొరికే కిరాయిలు ఎలాంటివో, సరుకు ఎక్కడ ఒరుసుకుంటోందో, రాత్రి పూట ఎంత తిరగాల్సి వస్తోందో అప్పుడు తెలుస్తుంది. గుంటూరు యార్డుకి మిర్చి టిక్కీలు (బస్తాలు) తోలే బండికీ, కైకలూరు నుంచి చేపలు తెచ్చే బండికీ, నున్న మార్కెట్‌లో మామిడికాయలు ఎత్తే బండికీ కావాల్సినవి ఒకటి కావు.

మొదటి రోజే కావాల్సినవి కొన్ని ఉన్నాయి. మంచి టార్పాలిన్ పట్టా, గట్టి తాళ్లు లేదా ర్యాచెట్ బెల్టులు, బాడీలో పరిచే రబ్బరు మ్యాట్, చుట్టూ రిఫ్లెక్టర్ టేపు. టేపు ముందు తెలుపు, పక్కల పసుపు, వెనక ఎరుపు ఉండాలి. ఎఫ్‌సీకి, అంటే బండి ఫిట్‌నెస్ తనిఖీకి వెళ్లినప్పుడు చూస్తారనే కాదు, హైవే పక్కన టైరు మార్చుకుంటూ చీకట్లో నిలబడ్డ రోజున మిమ్మల్ని కాపాడేది ఆ టేపే. నాసిరకం టేపు ఒక వర్షాకాలానికే మెరుపు పోయి వట్టి స్టిక్కరులా మిగులుతుంది. ఆమోదం పొందిన కంపెనీ టేపు మీద ఆ గుర్తు అచ్చయి ఉంటుంది, చూసి కొనండి.

ఫిట్టింగుల బరువు కూడా లెక్కలోకి వస్తుందా? గార్డు, క్యారియర్ ఎంత బరువని?

వస్తుంది. ఇది చాలామంది అసలు ఆలోచించని సంగతి. ఆర్‌సీలో రెండు బరువులుంటాయి. ఒకటి ఖాళీ బండిది, రెండోది సరుకుతో కలిపి గరిష్ఠంగా ఉండాల్సినది. ఆ రెండో అంకె మారదు. మీరు బిగించిన ప్రతి ఇనప ముక్కా, డ్రైవరూ, పక్కన కూర్చున్న మనిషీ అందులోంచే తీసుకుంటారు.

ఓ లెక్క చూడండి. 9 అడుగుల పొడవు, ఐదున్నర అడుగుల వెడల్పున్న బాడీ నేలకు 3 ఎం.ఎం. ఇనప రేకు వేస్తే దాదాపు 108 కిలోలు. గళ్ల రేకైతే ఇంకొంచెం ఎక్కువే. దానిమీద గార్డు, టాప్ క్యారియర్, పక్క జాలీ కలిపి మరో 60 కిలోలు అనుకుందాం. మొత్తం 168. మిర్చి టిక్కీ 42 కిలోలనుకుంటే ప్రతి ట్రిప్పులో నాలుగు టిక్కీల చోటు ఫిట్టింగులే తినేశాయి. సీజనంతా ఆ నాలుగు టిక్కీల కిరాయి ఎంతవుతుందో మీరే లెక్కేసుకోండి. పోనీ ఆ నాలుగూ ఎక్కించే తోలదామంటే ఓవర్‌లోడు. మోటారు వాహనాల చట్టం 194వ సెక్షన్ కింద 20,000 రూపాయల జరిమానా, పైన ఎక్కువైన ప్రతి టన్నుకూ 2,000. ఎక్కువైన సరుకు దించేదాకా బండి కదలనివ్వరు.

అందుకే ఏ షెడ్డులోనైనా ధర అడిగే ముందు బరువు అడగండి. అన్నీ బిగించాక మళ్లీ కాటా వేయించి, మొదటి చీటీతో పోల్చి చూడండి.

బాడీ నేలకు ఇనప రేకు మంచిదా, అల్యూమినియమా, రబ్బరు మ్యాటా?

బస్తాలు, కూరగాయల ట్రేలు, కిరాణా సరుకు అయితే రబ్బరు మ్యాట్ చాలు. సరుకు జారదు, చప్పుడుండదు, ఇద్దరు మనుషులు పట్టుకుని తీసి కడగొచ్చు. నెలకోసారైనా తీసి కింద ఆరనివ్వాలి. లేకపోతే కింద చేరిన తడి రేకును తినేస్తుంది.

ఇటుక, కంకర, ఇనుము, గ్రానైట్ ముక్కలు వేసేవాళ్లకు ఇనప గళ్ల రేకు తప్పదు. బరువు ఎక్కువైనా దెబ్బలు తట్టుకుంటుంది. రేకుకీ అసలు బాడీకీ మధ్య రెడ్ ఆక్సైడ్ ఒక కోటు వేసి ఊరుకోవద్దు, జింక్ ప్రైమర్ వేయించండి.

చేపలు, రొయ్యలు తోలేవాళ్ల సంగతి వేరు. ఐసు కరిగి ఉప్పు కలిసిన నీళ్లు రాత్రంతా కారుతూనే ఉంటాయి. తేలిగ్గా ఉంటుందని అల్యూమినియం రేకు వేయిస్తుంటారు. అదే బాడీకి ఇనప రేకు 108 కిలోలైతే ఇది 37 కిలోలే. ఆ మేరకు మంచిదే. అయితే అల్యూమినియం, ఇనుము ఒకదానికొకటి తగులుతూ మధ్యలో ఉప్పునీరు చేరితే చిన్నపాటి బ్యాటరీలా పనిచేసి అల్యూమినియం గుల్లబారుతుంది. రెండు లోహాల మధ్య రబ్బరు పట్టీ, బోల్టుల దగ్గర నైలాన్ వాషరు పెడితేనే ఆ రేకు నిలుస్తుంది. నన్నడిగితే చేపల బండికి బాడీ అంతా ఏకంగా ఫైబర్ కోటింగు వేయించి, వెనక మూలలో నీళ్లు పోయే పైపు పెట్టించుకోవడమే మేలు. ఆ పైపు కొస బ్రేకు డ్రమ్ము మీదా, కమాన్ల (పట్టీల స్ప్రింగుల) మీదా పడకుండా కిందికి దించాలి. రోడ్డు మీద ధారగా కారనివ్వకుండా కొసకు మూత పెట్టి, ఆగిన చోట వదలండి. వెనక వచ్చే టూవీలర్లు ఆ నీళ్ల మీదే జారుతున్నాయి.

డాలాలు (బాడీ చుట్టూ ఉండే పక్క తలుపులు) ఎత్తు పెంచుకోవచ్చా? మిర్చి, పత్తి తేలిక సరుకే కదా?

మిర్చి బరువు కంటే చోటు ఎక్కువ తింటుంది, అందుకే అందరికీ ఆ ఆలోచన వస్తుంది. తీసి పెట్టుకునే జాలీ వేరు, బాడీని శాశ్వతంగా పెంచడం వేరు. ఆర్‌సీలో ఉన్న కొలతలు, బాడీ రకం మారేలా ఏ మార్పు చేసినా చట్టం 52వ సెక్షన్ కింద రవాణా శాఖ అనుమతి కావాలి. సరుకు పక్కలకు గానీ, వెనక్కి గానీ, పైకి గానీ హద్దు దాటి పొడుచుకొస్తే 20,000 జరిమానా వేరేగా ఉంది.

జరిమానా కంటే పెద్ద చిక్కు బండి తిరగబడటం. ఎత్తు పెరిగేకొద్దీ బరువు మధ్యబిందువు పైకి పోతుంది. రామవరప్పాడు రింగు దగ్గర ఖాళీ బండిని తిప్పినంత వేగంగా ఎత్తు లోడుతో తిప్పితే లోపలి వైపు చక్రాలు తేలతాయి. టిక్కీలు కింద వరస బిగుతుగా, పై వరసలు లోపలికి తగ్గిస్తూ పేర్చి, మోకు రెండు వైపులా అడ్డంగా లాగి కట్టడం వచ్చిన మనిషి ఉంటే చాలాసార్లు ఎత్తు పెంచే అవసరమే రాదు.

వెనక కమాన్లకు ఓ పట్టీ ఎక్కువ వేయిస్తే లోడు బాగా ఆగుతుందంటారు. వేయించమంటారా?

దీనికి కాస్త ఓపిగ్గా జవాబు చెప్పాలి. ఇక్కడ పొరపాటు చేస్తే ప్రాణం మీదికి వస్తుంది.

పట్టీ వేస్తే బండి కుంగదు, నిజమే. కుంగకపోతే చూడ్డానికి లోడు తక్కువగా ఉన్నట్టుంటుంది, అంతే. యాక్సిల్, హబ్ బేరింగులు, టైర్లు, క్లచ్, బ్రేకులు అన్నీ పాతవే. మోసే సామర్థ్యం ఒక్క కిలో కూడా పెరగలేదు.

ఇంకో విషయం చాలామందికి తెలియదు. చాలా పికప్‌లలో ఛాసిస్‌కీ వెనక యాక్సిల్‌కీ మధ్య చిన్న కడ్డీతో కలిపిన ఒక వాల్వు ఉంటుంది. లోడు సెన్సింగ్ వాల్వు అంటారు. సరుకు పడి కమాన్లు కుంగితే ఆ కడ్డీ కదులుతుంది, వాల్వు వెనక బ్రేకులకు ఎక్కువ ప్రెషర్ పంపిస్తుంది. బండి ఖాళీగా ఉంటే వెనక చక్రాలు పట్టేసి బండి అడ్డం తిరగకుండా ప్రెషర్ తగ్గిస్తుంది. మీరు పట్టీ ఎక్కువ వేసి బండిని పైకి లేపితే, టన్నున్నర సరుకు ఉన్నా ఆ వాల్వు ఇది ఖాళీ బండే అనుకుంటుంది. వెనక బ్రేకులు సగం మనసుతో పడతాయి, భారమంతా ముందు బ్రేకుల మీదికి పోతుంది. ఇబ్రహీంపట్నం వైపు వంతెన దిగేటప్పుడు ఎదురుగా ఆటో ఆగిపోతే ఆ తేడా అప్పుడు తెలుస్తుంది.

పాత పట్టీలు అలసిపోయి వంపు పోతే కంపెనీ లెక్క ప్రకారమే కొత్త కట్ట వేయించండి. రూలు ప్రకారం ఉన్న బరువుకే బండి కుంగుతోందంటే షాక్ అబ్జార్బర్లు, షాకిళ్లు (కమాన్‌ను ఛాసిస్‌కి పట్టి ఉంచే కొక్కేలు), బుష్షులు ముందు చూపించండి. ఏ కారణంగా కమాన్ పని చేయించినా ఆ వాల్వు కడ్డీ సెట్టింగు మళ్లీ చూడమని అడగండి. దాని సంగతి తెలియదన్న మేస్త్రి చేత కమాన్ల పని చేయించకండి. యూ బోల్టులు కొత్తవే వేయించి, 500 కిలోమీటర్లు తిరిగాక మళ్లీ బిగించాలి. కమాన్ పట్టీలు అప్పటికి సర్దుకుంటాయి, బోల్టు వదులవుతుంది.

పెద్ద టైర్లు వేస్తే బండి ఠీవిగా ఉంటుంది. నష్టమేమైనా ఉందా?

215/75 ఆర్15 టైరు మొత్తం ఎత్తు సుమారు 703 మిల్లీమీటర్లు. దాని బదులు 235/75 ఆర్15 వేస్తే 733. నాలుగు శాతం పైనే పెరిగింది. మీటరు 60 చూపేటప్పుడు అసలు వేగం 62 దాటుతుంది. కిలోమీటర్ల లెక్కన కిరాయి తీసుకునేవాళ్లకు ప్రతి వందకూ నాలుగు కిలోమీటర్లు మీటరులో పడవు. గేరింగు పెరిగినట్టయి లోడుతో ఎత్తు ఎక్కేటప్పుడు లాగదు కూడా.

సైజు కంటే లోడ్ ఇండెక్స్ చూడండి. టైరు పక్కన సైజు తర్వాత ఉండే అంకె అది. 100 అంటే 800 కిలోలు, 104 అంటే 900, 108 అంటే 1,000. కారు టైరు చవగ్గా వస్తోందని పికప్‌కి వేస్తే మే నెల ఎండలో హైవే మీద పగులుతుంది. అల్లాయ్ చక్రాలు సరుకు బండికి నేను సిఫారసు చేయను. ఇనప రిమ్ము వంగితే కొట్టి సరిచేస్తారు, అల్లాయ్ విరుగుతుంది.

హెడ్‌లైట్ వెలుగు సరిపోవట్లేదు. 100 వాట్ల బల్బులు వేయాలా, ఎల్‌ఈడీ వేయాలా?

రెండూ వద్దు. ముందు రిలే వేయించండి. చిన్న కరెంటుతో పెద్ద కరెంటును ఆన్ చేసే స్విచ్చు అది.

కంపెనీ ఇచ్చే హెచ్4 బల్బు 60/55 వాట్లు. కరెంటు బ్యాటరీ నుంచి బయల్దేరి స్విచ్చు దాకా వెళ్లి, సన్నని వైర్ల గుండా తిరిగి బల్బు దగ్గరికి వచ్చేసరికి వోల్టేజీ పడిపోతుంది. వోల్టేజీ పది శాతం తగ్గితే హాలోజన్ వెలుగు దాదాపు ముప్పై శాతం తగ్గుతుంది. మీ బల్బులో తప్పు లేదు, దానికి తిండి అందట్లేదు. రిలే హార్నెస్ (రిలేతో వచ్చే వైర్ల కట్ట) వేస్తే బ్యాటరీ నుంచి నేరుగా మందమైన వైరు మీద కరెంటు వస్తుంది, పాత స్విచ్చు రిలేని ఆన్ చేయడానికే పనికొస్తుంది. అవే 60 వాట్ల బల్బులు కొత్తవిలా వెలుగుతాయి.

అదేమీ లేకుండా 100 వాట్ల జత వేస్తే, రెంటికీ కలిపి 10 ఆంపియర్లు పోయే చోట 16 దాటి పోతాయి. హోల్డరు కరుగుతుంది, స్విచ్చు మాడుతుంది. ఎల్‌ఈడీ బల్బు హాలోజన్ డోములో పెడితే వెలుగు పుట్టే చోటు మారిపోయి కాంతి చెదురుతుంది. మనకు తెల్లగా, బాగా కనిపిస్తున్నట్టే ఉంటుంది, ఎదుటివాడి కళ్లు మాత్రం పోతాయి. అలాంటి బల్బులకు అనుమతి కూడా లేదు.

ఎలక్ట్రీషియన్ దగ్గర కూర్చుని చూడాల్సినవి చెబుతాను. రిలేలో 30వ పిన్నుకు బ్యాటరీ, 87కు లైటు, 85, 86లకు స్విచ్చు, ఎర్తు. బ్యాటరీ ప్లస్ నుంచి జానెడు దూరంలోపే ఫ్యూజు ఉండాలి. రిలే దగ్గర పెట్టాం కదా అంటే ఒప్పుకోకండి. ఫ్యూజుకూ బ్యాటరీకీ మధ్య వైరు ఎక్కడైనా ఒరుసుకుని ఛాసిస్‌కి తగిలితే దాన్ని ఆపేది ఏదీ ఉండదు, బండే తగలబడుతుంది. జాయింట్లు క్రింపు చేసి, హీట్ ష్రింక్ గొట్టం వేయాలి. నల్ల టేపు మన ఎండలకు జిగురు కారి ఊడిపోతుంది.

చలికాలం పొగమంచుకి పైన ఎల్‌ఈడీ బార్ వేయించనా?

పొగమంచులో పైనుంచి వచ్చే వెలుగు నీటి తుంపరలకు తగిలి మీ కళ్లలోకే తిరిగొస్తుంది. కావాల్సింది బంపరు కింద, రోడ్డుకు దగ్గరగా, వెడల్పుగా పరుచుకునే ఫాగ్ ల్యాంపులు. డిసెంబరు, జనవరిలో తెల్లవారుజామున హైదరాబాద్ హైవే మీద తిరిగేవాళ్లు వేయించుకోవచ్చు. టాప్ మీద బార్ రోడ్డు మీద వాడటానికి పనికిరాదు.

బుల్‌బార్, ముందు గార్డు?

వద్దు. కేంద్ర రవాణా శాఖ 2017 డిసెంబరులోనే వీటి మీద చర్య తీసుకోమని రాష్ట్రాలకు రాసింది. చట్టం ఒప్పుకోని మార్పు చేసిన ఓనరుకి ఇప్పుడు 182ఎ సెక్షన్ కింద ఒక్కో మార్పుకీ 5,000 రూపాయల జరిమానా లేదా ఆరు నెలల వరకూ జైలు, లేదంటే రెండూ. బండి ముందు భాగం నలిగి దెబ్బను మింగేలా తయారైంది. గార్డు ఆ దెబ్బను నేరుగా ఛాసిస్‌కి చేరుస్తుంది. ఎయిర్‌బ్యాగులున్న బండిలో అవి తెరుచుకునే సమయమే తప్పుతుంది. అడ్డొచ్చింది మనిషైతే బతికే అవకాశం తగ్గుతుంది. గేదెలు అడ్డొస్తాయని చెప్పేవాళ్లకు నా జవాబు ఒకటే, ఊళ్లలో వేగం తగ్గించండి.

మల్టీ టోన్ హారన్, నల్ల ఫిల్మ్?

రకరకాల స్వరాల హారన్లు నిషిద్ధం. ఫిల్ముల సంగతి 2012లోనే సుప్రీంకోర్టు తేల్చింది. ముందు, వెనక అద్దాల్లోంచి కనీసం 70 శాతం, పక్క అద్దాల్లోంచి 50 శాతం వెలుతురు రావాలి.

మరి ఎండకు క్యాబిన్‌లో కూర్చోలేకపోతున్నాం. ఏం చేయాలి?

విజయవాడ వేసవిలో క్యాబిన్ లోపల పడే బాధ డ్రైవర్లకే తెలుసు. లారీలకు ఏసీ క్యాబిన్ తప్పనిసరి చేసిన నిబంధన 3.5 టన్నులు దాటిన వాటికే, మన పికప్‌లకు వర్తించదు. కొనేటప్పుడే ఏసీ ఉన్న మోడల్ వస్తే, డబ్బు సర్దుబాటైతే, మిగతా ఫిట్టింగులన్నీ మానేసి అది తీసుకోండి. బయట ఏసీ బిగిస్తే కంప్రెసరు బ్రాకెట్, బెల్టు, ఆల్టర్నేటర్ అన్నీ చూసుకోవాలి, ఇంజిన్ లాగే శక్తీ తగ్గుతుంది.

ఏసీ లేకపోతే పైకప్పు లోపల అల్యూమినియం పొర ఉన్న ఫోమ్ షీటు, టాప్‌కు తెల్ల రంగు, రెక్సిన్ బదులు గుడ్డ సీటు కవర్లు వేయించండి. తక్కువ ఖర్చుతో తేడా తెలుస్తుంది. టాటా ఏస్ లాంటి బండ్లలో ఇంజిన్ సీటు కిందే ఉంటుంది కాబట్టి అక్కడ వేడి ఆపే మ్యాటు చినిగిందేమో ముందు చూడండి. ఇది సుఖం కోసం చేసే ఖర్చు కాదు. వేడికి తల తిరిగిన మనిషి చేతిలో స్టీరింగు ఉంటుంది.

ఛాసిస్‌కి వెల్డింగ్ చేయించొచ్చా?

ఛాసిస్ పట్టీలకు వెల్డింగూ వద్దు, కొత్త రంధ్రాలూ వద్దు. వేడి తగిలిన చోట ఇనుము గుణం మారి, లోడు ఊగులాటకు అక్కడే పగులుతుంది. ఉన్న రంధ్రాలకు క్లాంపులతో, 8.8 గ్రేడు బోల్టులతో బిగించమనండి. బాడీకి వెల్డింగ్ చేసేటప్పుడు కూడా బ్యాటరీ మైనస్ తీసి, ఈసీఎం (ఇంజిన్‌ను నడిపించే కంప్యూటరు) కప్లర్ ఊడదీసి, వెల్డింగ్ ఎర్తు పని జరిగే చోటికి దగ్గరలోనే పెట్టించండి. ఇప్పటి బండ్లలో ఈసీఎం పోతే వచ్చే బిల్లు మొత్తం ఫిట్టింగుల ఖర్చును మించిపోతుంది.

వి-క్రాస్‌కి స్నార్కెల్, వెనక బాడీ మీద క్యానోపీ (గట్టి కప్పు) వేయాలనుకుంటున్నాను.

2024 సెప్టెంబరు బుడమేరు వరద తర్వాత స్నార్కెల్ గురించి అడిగేవాళ్లు ఎక్కువయ్యారు. స్నార్కెల్ ఇంజిన్‌కి గాలి పైనుంచి ఇస్తుంది, అంతవరకే. ఆల్టర్నేటర్, గేర్‌బాక్స్, యాక్సిల్ గాలి గొట్టాలు కిందే ఉంటాయి. వాటి గొట్టాలు కూడా పైకి తెచ్చి సీలు చేయకపోతే అది అలంకారమే. నీళ్లలో ఆగిపోయిన డీజిల్ బండిని మళ్లీ స్టార్ట్ చేయకండి. సిలిండర్లోకి నీరు వెళితే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది.

ఫైబర్ క్యానోపీ వేసేవాళ్లు దాని బరువు చూసుకోండి, వెనక అద్దంలోంచి రోడ్డు కనిపించేలా ఎంచుకోండి. సరుకు అప్పుడప్పుడే వేసేవాళ్లకు మడిచే మెత్తని కవరే సుఖం. ఒక్కరే తీసి మూలన పడేయొచ్చు. సీట్లలో సైడ్ ఎయిర్‌బ్యాగులుంటే మామూలు సీటు కవర్లు వేయకూడదు, పక్క కుట్టు విడిపోయే రకమే తీసుకోవాలి.

పికప్‌ని టిఫిన్ బండిగా మార్చుకోవాలంటే?

ఇది ఫిట్టింగు కాదు, బాడీ మార్పు. ముందు రవాణా శాఖ అనుమతి, పని పూర్తయ్యాక తనిఖీ, ఆర్‌సీలో మార్పు, బీమా కంపెనీకి సమాచారం. ఈ వరస తప్పితే రేపు ప్రమాదం జరిగినప్పుడు క్లెయిము అక్కడే ఆగుతుంది. గ్యాసు సిలిండరు నిలబెట్టి బెల్టుతో కట్టే చోటు, గాలి ఆడే కిటికీ, మంటలార్పే సిలిండరు డ్రాయింగులోనే ఉండాలి.

బీమా, వారంటీకి ఏమవుతుంది?

విలువైన ఫిట్టింగులు పాలసీలో చూపించి, దానికి అదనపు ప్రీమియం కడితేనే వాటికి డబ్బొస్తుంది. జీఎస్టీ బిల్లు లేని వస్తువు ఉన్నట్టే కాదు. వైరింగు కోసి జాయింటు వేస్తే ఎలక్ట్రికల్ వారంటీ గురించి సర్వీస్ సెంటరు వాళ్లు మొదట అడిగేది దాని గురించే. కప్లర్‌కు కప్లర్ సరిపోయే హార్నెస్ దొరికితే పది రూపాయలు ఎక్కువైనా అదే తీసుకోండి. జీపీఎస్ ట్రాకరు పెట్టేటప్పుడు ఇంజిన్ ఆపే రిలే వద్దనండి. అది పాడైతే నడుస్తున్న బండి నడిరోడ్డు మీద ఆగుతుంది.

పని అయ్యాక బండి తీసుకునే ముందు ఏం చూడాలి?

పగలే తీసుకోండి. అన్ని లైట్లూ, హారనూ, వైపరూ ఒకేసారి వేసి ఇంజిన్ ఐడిల్‌లో ఉంచి బ్యాటరీ వోల్టేజీ కొలిపించండి. 13 కిందికి పడిపోతుంటే లోడు ఆల్టర్నేటర్ మోయలేకపోతోందన్నమాట. కొత్త వైర్లు సైలెన్సర్ దగ్గరగానీ స్టీరింగ్ రాడ్ల దగ్గరగానీ పోతున్నాయేమో కింద దూరి చూడండి. స్టీరింగు రెండు వైపులా పూర్తిగా తిప్పి టైరు ఎక్కడా తగలట్లేదని తేల్చుకోండి. డాలా గొళ్లేలు ఒక్క చేత్తో పడుతున్నాయా, నంబరు ప్లేటు, వెనక లైట్లు దేనివల్లా మరుగున పడలేదు కదా, చూడండి. మేస్త్రి ఊడదీసిన పాత సామాను, మిగిలిన బోల్టులు, ఫ్యూజులు అన్నీ సంచిలో వేయించుకుని తెచ్చుకోండి. ఎఫ్‌సీ రోజున ఏదైనా తీసేయాల్సి వస్తే పాతది బిగించడానికి అవే కావాలి.